మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో పాయింట్ల రికార్డులు, మేటి క్రీడాకారిణులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ చుట్టూ ఈమధ్య చర్చ బాగా పెరిగింది. కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లు ముందుగా అడిగేది రికార్డుల గురించే: ఎవరు ఎక్కువ కొట్టారు, ఎవరు గొప్ప, ఏ రికార్డు నిలుస్తుంది? అంకెలు అందరికీ దొరుకుతాయి. కానీ ఆ అంకె ఎన్ని మ్యాచ్‌లలో, ఏ నిబంధనల కింద వచ్చిందో చూడకపోతే సగమే తెలిసినట్టు. అందుకే ఇక్కడ ప్రతి రికార్డునూ దాని నేపథ్యంతో కలిపి చెప్పాను. లెక్కలన్నీ 2025 సీజన్ ముగిసే నాటివి.

కెరీర్ మొత్తం మీద అత్యధిక పాయింట్లు ఎవరివి?

డయానా టౌరాసివి. 10,646 పాయింట్లు. 2004 డ్రాఫ్ట్‌లో (కొత్త క్రీడాకారిణులను జట్లు ఒకరి తర్వాత ఒకరుగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి ఎంపికగా ఫీనిక్స్ మెర్క్యురీకి వచ్చింది, చివరిదాకా అదే జట్టులో ఆడి 2025 ఫిబ్రవరిలో రిటైర్మెంట్ ప్రకటించింది. ఈ లీగ్‌లో 10 వేల పాయింట్లు దాటింది ఆమె ఒక్కతే.

ఆ పదివేలు దాటిన రాత్రి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2023 ఆగస్టు 3, సొంత మైదానంలో అట్లాంటా డ్రీమ్‌తో మ్యాచ్. మైలురాయికి ఇంకా 18 పాయింట్లు కావాలి. అప్పటికి ఆమె వయసు 41. ఆ 18 ఈరోజే వస్తాయా, ఇంకో మ్యాచ్ దాకా ఆగాలా అని అభిమానుల్లో టెన్షన్. మూడో క్వార్టర్ మొదట్లోనే ఒక త్రీ పాయింటర్‌తో (దూరపు గీత వెనక నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పని పూర్తి చేసేసింది. అంతటితో ఆగలేదు, మ్యాచ్ అయ్యేసరికి 42 పాయింట్లు! ఆ వయసులో ఒక మ్యాచ్‌లో 40 దాటినవాళ్లు ఈ లీగ్‌లో ఇంకెవరూ లేరు.

టౌరాసికి ముందు ఆ రికార్డు ఎవరిది?

టీనా థాంప్సన్‌ది, 7,488 పాయింట్లు. 1997లో లీగ్ నిర్వహించిన మొట్టమొదటి కాలేజీ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు ఆమెదే. హ్యూస్టన్ కామెట్స్ వరసగా గెలిచిన నాలుగు టైటిళ్లలోనూ ఉంది. 2017 జూన్‌లో టౌరాసి ఆమెను దాటింది.

రెండు, మూడు స్థానాల్లో ఎవరున్నారు?

రెండో స్థానం టీనా చార్లెస్‌ది. 8 వేలు దాటిన రెండో క్రీడాకారిణి ఆమే. మూడో స్థానంలో డువానా బోనర్ ఉంది, 2025లో థాంప్సన్‌ను దాటింది. చార్లెస్ ఖాతాలో ఇంకో పెద్ద రికార్డు కూడా ఉంది. కెరీర్‌లో అత్యధిక రీబౌండ్లు (గురి తప్పిన షాట్ తర్వాత బంతిని అందుకోవడం) ఆమెవే. పాయింట్లలో రెండో స్థానం, రీబౌండ్లలో మొదటి స్థానం రెండూ ఒకే మనిషివి. అయినా ఆమె పేరు చర్చల్లో పెద్దగా వినిపించదు. టైటిల్ లేకపోవడమే దానికి కారణమని నా అభిప్రాయం.

టౌరాసి రికార్డు ఎప్పటికైనా పడిపోతుందా?

పడిపోవచ్చు గానీ అంత తేలిక కాదు. ఏడాదికి వెయ్యి పాయింట్ల చొప్పున కొట్టినా పదేళ్లకు పైనే పడుతుంది. లీగ్ చరిత్రలో ఒక సీజన్‌లో వెయ్యి దాటింది ఇప్పటికి ఒకే ఒక్కసారి.

ఇంకో వైపు నుంచి చూస్తే, టౌరాసి ఆడిన రోజుల్లో సీజన్ చాలావరకు 34 మ్యాచ్‌లే. ఇప్పుడు 44. పైగా ఆమె 2015 సీజన్ మొత్తం ఆడలేదు. విశ్రాంతి తీసుకుంటే డబ్బిస్తామని రష్యాలోని ఆమె క్లబ్ ముందుకొచ్చింది. డబ్ల్యూఎన్‌బీఏ జీతం కంటే రష్యాలో వచ్చేది ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆమె ఒప్పుకుంది. 2019లో వెన్ను శస్త్రచికిత్స వల్ల 6 మ్యాచ్‌లే ఆడగలిగింది. 2020లో కోవిడ్ కారణంగా సీజన్‌నే 22 మ్యాచ్‌లకు కుదించారు. ఇవన్నీ పోగా మిగిలిందే 10,646. ఇప్పుడు 25 ఏళ్ల లోపు ఉన్నవాళ్లకు మ్యాచ్‌లు ఎక్కువ దొరుకుతాయి. కానీ ఇరవై సీజన్ల పాటు మోకాళ్లు, వెన్ను, ఆట మీద ఆకలి మూడూ నిలబడాలి. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

ఒకే మ్యాచ్‌లో అత్యధిక పాయింట్లు ఎన్ని?

53. ఇద్దరు సాధించారు. 2018 జులై 17న న్యూయార్క్ లిబర్టీ మీద డల్లాస్ వింగ్స్ సెంటర్ లిజ్ కాంబేజ్, 2023 ఆగస్టు 22న అట్లాంటా మీద లాస్ వేగాస్ ఏసెస్ ఫార్వర్డ్ ఏజా విల్సన్. రెండు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌కు (స్కోరు సమమైతే ఇచ్చే అదనపు సమయం) వెళ్లలేదు, 40 నిమిషాల్లోనే అయిపోయాయి.

అంకె ఒకటే అయినా అది వచ్చిన దారులు వేరు. కాంబేజ్ 22 షాట్లు వేసి 17 బుట్టలో పడేసింది, వాటిలో నాలుగు త్రీలు. ఆరడుగుల ఎనిమిదంగుళాల సెంటర్ నాలుగు త్రీలు వేస్తే ఎదుటి జట్టు చేయగలిగేది ఏముంటుంది? దూరంగా వదిలేస్తే త్రీ, దగ్గరికి వెళ్తే ఫౌల్. 16 ఫ్రీ త్రోలలో (ఫౌల్ అయ్యాక గీత దగ్గర నిలబడి అడ్డు లేకుండా వేసే ఒక పాయింట్ షాట్లు) 15 వేసింది. పాత రికార్డును దాటించిన షాట్ కూడా త్రీయే, అదీ ఆఖరి నిమిషంలో.

విల్సన్ 23 షాట్లలో 16 వేసింది, త్రీ ఒక్కటే. మరి మిగతావి? 21 ఫ్రీ త్రోలలో 20. ఫ్రీ త్రోలతో వచ్చిన పాయింట్లను కొందరు తక్కువ చేసి మాట్లాడతారు, దాంతో నేను ఏకీభవించను. ఇద్దరు ముగ్గురు మీద పడుతున్నా బాస్కెట్ వైపే దూసుకెళ్లి ఫౌల్ రాబట్టడం, ఆ అలసటలోనే గీత దగ్గర నిలబడి ఇరవై సార్లు తప్పకుండా వేయడం పెద్ద నైపుణ్యం.

అంతకు ముందు ఎవరి రికార్డులు ఉండేవి?

లీగ్ మొదలైన 1997లోనే హ్యూస్టన్ గార్డ్ సింథియా కూపర్ ఒక మ్యాచ్‌లో 44 కొట్టింది. 2001లో కేటీ స్మిత్ 46, 2006లో టౌరాసి 47, మర్నాటి ఏడాది లారెన్ జాక్సన్ కూడా 47. తర్వాత 2013లో టల్సా షాక్ గార్డ్ రికునా విలియమ్స్ ఏకంగా 51కి చేరింది, అందులో 8 త్రీలు. 2014లో మాయా మూర్ 48 కొట్టింది గానీ అది రికార్డు కాలేదు.

ఒక తేడా గమనించండి. టౌరాసి 47 మూడు ఓవర్‌టైమ్‌ల మ్యాచ్‌లో వచ్చింది, మూర్ 48 రెండు ఓవర్‌టైమ్‌లలో. విలియమ్స్ 51 మాత్రం మామూలు సమయంలోనే.

అసలు 53 కంటే ఎక్కువ ఏ మహిళా కొట్టలేదా?

కొట్టింది, అయితే ఈ లీగ్‌లో కాదు. డబ్ల్యూఎన్‌బీఏకు చాలా ముందే, 1978 నుంచి 1981 దాకా, అమెరికాలో డబ్ల్యూబీఎల్ అనే మహిళల ప్రొఫెషనల్ లీగ్ నడిచింది. అందులో అయోవా కార్నెట్స్ తరఫున ఆడిన మాలీ బోలిన్ 1980లో ఒక మ్యాచ్‌లో 55 పాయింట్లు సాధించింది. ఆ లీగ్ డబ్బుల్లేక మూడు సీజన్లకే మూతపడింది, దాంతో ఆమె పేరు కూడా మరుగున పడింది. డబ్ల్యూఎన్‌బీఏ రికార్డుల పట్టికలో ఆ లీగ్ అంకెలు కలవవు. కానీ మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ చరిత్ర అని రాసేటప్పుడు బోలిన్ పేరు లేకుండా రాయడం అన్యాయం.

ఒక సీజన్‌లో అత్యధిక పాయింట్ల రికార్డు ఏది?

2024లో ఏజా విల్సన్ సాధించిన 1,021. వెయ్యి దాటిన మొదటి సీజన్ అదే. సగటు మ్యాచ్‌కు 26.9, అది కూడా రికార్డే.

ఈ రికార్డు వెనక కథ ఆసక్తికరంగా ఉంటుంది. 2006లో టౌరాసి 860 పాయింట్లు సాధించింది. ఆ అంకె 17 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2023లో సియాటిల్ గార్డ్ జువెల్ లాయిడ్ 939 కొట్టి దాన్ని దాటేసింది, అదే ఏడాది బ్రియానా స్టూవర్ట్ కూడా 900 దాటింది. ఆ మరుసటి ఏడాదే విల్సన్ వెయ్యి దాటింది. పదిహేడేళ్లు నిలిచిన రికార్డు రెండేళ్లలో ఇంత వెనకబడిపోవడానికి ఒక కారణం సూటిగా కనిపిస్తుంది: 2006లో సీజన్ 34 మ్యాచ్‌లు, 2023, 2024లలో 40.

లెక్క వేసి చూద్దాం. 2006 నాటి టౌరాసి సగటు 25.3. అదే సగటుతో 40 మ్యాచ్‌లు ఆడి ఉంటే 1,010 దాటేది. అంటే వెయ్యి పాయింట్ల స్థాయి ఆట అప్పుడే ఉంది, ఆడటానికి మ్యాచ్‌లే లేవు. ఇటు విల్సన్ వైపు నుంచి చూస్తే, ఆమె ఆడింది 38 మ్యాచ్‌లే. 34 మ్యాచ్‌లకు కుదించినా ఆమె సగటుకు 910 పైన వస్తాయి. కాబట్టి ఎలా తూచినా ముందున్నది విల్సనే. నేను చూసినంతలో ఈ లీగ్‌లో అత్యుత్తమ వ్యక్తిగత సీజన్ అదే.

మొత్తం పాయింట్లు, సగటు: దేన్ని చూడాలి?

లీగ్ అధికారికంగా స్కోరింగ్ టైటిల్ ఇచ్చేది సగటును బట్టే. వేర్వేరు కాలాలవాళ్లను పోల్చేటప్పుడు మీరూ సగటే చూడండి. సీజన్ పొడవు 1997లో 28 మ్యాచ్‌లు, 1998లో 30, ఆ తర్వాత ఏడాది 32. 2003 నుంచి 34. 2022లో 36, మరుసటి ఏడాది 40, 2025లో 44. ఇంత మారినప్పుడు మొత్తం అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం పాతతరానికి అన్యాయం చేయడమే.

నిబంధనలు మారడం వల్ల స్కోర్లు పెరిగాయా?

పెరిగాయి. మొదటి మ్యాచ్ 1997 జూన్ 21న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది, న్యూయార్క్ 67-57తో గెలిచింది. విల్సన్ 53 కొట్టిన మ్యాచ్ స్కోరు 112-100. రెండిటికీ పోలికే లేదు.

మొదట్లో షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఉండే గడువు) 30 సెకన్లు, మ్యాచ్‌ను 20 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా ఆడేవారు. 2006 నుంచి 24 సెకన్లు, పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. షాట్ వేయడానికి సమయం తగ్గితే మొత్తం షాట్ల సంఖ్య పెరుగుతుంది. టౌరాసి 860 కొట్టిన ఏడాదే ఈ మార్పు రావడం యాదృచ్ఛికం కాదు.

త్రీ పాయింట్ గీత మాత్రం ఆటగాళ్లకు వ్యతిరేకంగా జరుగుతూ వచ్చింది. 1997లో 19 అడుగుల 9 అంగుళాలు. 2004లో 20 అడుగుల ఆరంగుళాలు దాటింది. 2013 నుంచి 22 అడుగుల పైచిలుకు. అంటే టౌరాసి తన కెరీర్ నడిమధ్యలో కొత్త దూరానికి చేతిని అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. అలా వేసినవన్నీ కలిపి 1,400కు పైగా త్రీలు, అదీ రికార్డే.

త్రీ పాయింటర్లలో ఇంకెవరి పేర్లు చెప్పుకోవాలి?

ఒక సీజన్‌లో అత్యధిక త్రీలు 128, న్యూయార్క్ గార్డ్ సబ్రీనా అయొనెస్కు 2023లో వేసింది. అంతకుముందు 121తో రికార్డు మళ్లీ టౌరాసిదే, 2006లోనే. ఒక మ్యాచ్‌లో 9 త్రీలు ఇండియానా గార్డ్ కెల్సీ మిచెల్ 2019లో వేసింది, తర్వాత ఇంకొందరు ఆ సంఖ్యను అందుకున్నారు.

2023 ఆల్‌స్టార్ త్రీ పాయింట్ పోటీలో అయొనెస్కు ఫైనల్ రౌండ్‌లో 40కి 37 పాయింట్లు కొట్టింది, మధ్యలో వరసగా ఇరవై షాట్లు పడ్డాయి. పురుషుల ఎన్‌బీఏ పోటీలో కూడా ఒక రౌండ్‌లో అంత ఎవరూ సాధించలేదు. ఆ వీడియో చూడకపోతే తప్పక చూడండి. బంతి చేతిలోంచి వెళ్లగానే ఆమె చూపు అప్పటికే తర్వాతి బంతి మీద ఉంటుంది.

సింథియా కూపర్ గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

లీగ్ మొదలయ్యేసరికి ఆమెకు 34 ఏళ్లు. చాలామంది రిటైర్ అయ్యే వయసులో ఆమెకు సొంత దేశంలో ప్రొఫెషనల్ లీగ్ దొరికింది. అప్పటిదాకా యూరప్‌లో, ఎక్కువ కాలం ఇటలీలో ఆడింది. వచ్చీ రాగానే మొదటి మూడు సీజన్లూ స్కోరింగ్ టైటిల్ ఆమెదే, మొదటి రెండేళ్లూ ఎంవీపీ (అత్యంత విలువైన క్రీడాకారిణి అవార్డు) ఆమెదే. హ్యూస్టన్ నాలుగు టైటిళ్లు గెలిస్తే నాలుగు ఫైనల్స్ ఎంవీపీలూ ఆమెకే. కెరీర్ సగటు 21.0.

నెమ్మదైన ఆట, తక్కువ స్కోర్ల కాలంలో 21 సగటు అంటే ఇవాళ్టి లెక్కలో ఇంకా ఎక్కువ. మొత్తం పాయింట్ల పట్టికలో మాత్రం ఆమె పేరు చాలా కిందే ఉంటుంది, ఎందుకంటే ఆడింది 124 మ్యాచ్‌లే. పదేళ్ల ముందు లీగ్ పుట్టి ఉంటే అన్న ఆలోచన ఆమె అంకెలు చూసిన ప్రతిసారీ వస్తుంది.

కెయిట్లిన్ క్లార్క్ ఏ రికార్డులు సాధించింది?

కాలేజీలో అయోవా తరఫున 3,951 పాయింట్లు. పురుషులు, మహిళలు కలిపి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) మొదటి డివిజన్‌లో ఇదే అత్యధికం. అవి కాలేజీ పాయింట్లు, ప్రొఫెషనల్ లెక్కలో కలపకూడదు. చాలా పోస్టుల్లో రెండూ కలిపేస్తున్నారు.

2024లో ఇండియానా ఫీవర్‌లో తొలి సీజన్‌లోనే 769 పాయింట్లు సాధించింది. కొత్త క్రీడాకారిణుల్లో అదే అత్యధికం. అంతకుముందు 2006లో సీమోన్ ఆగస్టస్ 744 కొట్టింది. అయితే ఆగస్టస్ 34 మ్యాచ్‌లే ఆడింది కాబట్టి సగటులో ఆమే ముందుంది.

నా ఉద్దేశంలో క్లార్క్ అసలు గొప్పతనం పాస్‌లో ఉంది. అదే ఏడాది 337 అసిస్ట్‌లు (తోటి క్రీడాకారిణి బుట్టలో వేసిన షాట్‌కు దారితీసిన పాస్‌లు), అప్పటికి అది సీజన్ రికార్డు. డల్లాస్ మీద ఒకే మ్యాచ్‌లో 19, అదీ రికార్డే. మధ్య గీత దాటకముందే ఆమె షాట్ వేస్తుందేమోనని ఇద్దరు మీదికి వస్తారు. ఆ క్షణానికే బంతి బాస్కెట్ కింద ఖాళీగా ఉన్న తోటి క్రీడాకారిణి చేతిలో ఉంటుంది. 2025లో గాయాల వల్ల 13 మ్యాచ్‌లే ఆడగలిగింది.

కొత్తగా వచ్చినవాళ్లలో ఒక మ్యాచ్ రికార్డు ఎవరిది?

44 పాయింట్లు. 2025 ఆగస్టులో డల్లాస్ గార్డ్ పెయిజ్ బెకర్స్ లాస్ ఏంజెలెస్ మీద 21 షాట్లలో 17 వేసి సాధించింది. 1997లో కూపర్ కొట్టిన 44తో ఇది సమం. లీగ్‌కే మొదటి ఏడాది కాబట్టి కూపర్ కూడా అప్పుడు కొత్తే!

ప్లేఆఫ్స్ పాయింట్లు ఈ లెక్కల్లో కలుస్తాయా?

ప్లేఆఫ్స్ అంటే సీజన్ తర్వాత మేటి జట్లు టైటిల్ కోసం ఆడే మ్యాచ్‌లు. అవి కలవవు. ఆల్‌స్టార్ మ్యాచ్, సీజన్ మధ్యలో జరిగే కమిషనర్స్ కప్ పోటీ ఫైనల్ కూడా అంతే. ప్లేఆఫ్స్‌కు విడిగా రికార్డులు ఉన్నాయి. ఒక మ్యాచ్‌లో 42 పాయింట్ల రికార్డును 2010లో ఏంజెల్ మెకాట్రీ నెలకొల్పింది, 2022లో బ్రియానా స్టూవర్ట్, 2024లో నఫీసా కొలియర్ దాన్ని సమం చేశారు.

ఎక్కువ పాయింట్లు కొట్టకుండా మేటి అనిపించుకున్నవాళ్లు ఉన్నారా?

బోలెడంతమంది. సూ బర్డ్ సియాటిల్ తరఫున 3,234 అసిస్ట్‌లు ఇచ్చింది, కెరీర్ రికార్డు. టమికా క్యాచింగ్స్ 1,074 స్టీల్స్‌తో (ఎదుటి జట్టు చేతిలోంచి బంతిని లాక్కోవడం) మొదటి స్థానంలో ఉంది, పాయింట్లలోనూ 7 వేలు దాటింది. ఏంజెల్ రీస్ 2024లో తొలి సీజన్‌లోనే మ్యాచ్‌కు 13.1 రీబౌండ్ల సగటు సాధించింది.

నాకు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది అలిస్సా థామస్. రెండు భుజాల్లోనూ చిరిగిన కణజాలంతో ఏళ్ల తరబడి ఆడుతోంది. చేతులు పూర్తిగా పైకెత్తి మామూలు జంప్ షాట్ వేయలేదు. అందుకే బంతిని భుజం దగ్గర్నుంచి ఒంటిచేత్తో నెట్టినట్టు వేస్తుంది. అలా ఆడుతూనే లీగ్‌లో అత్యధిక ట్రిపుల్ డబుల్స్ సాధించింది. ట్రిపుల్ డబుల్ అంటే ఒకే మ్యాచ్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు లాంటి మూడు విభాగాల్లో పది లేదా అంతకు మించి.

గురి విషయంలో అందరికంటే ముందున్నది ఎవరు?

ఎలెనా డెల్ డాన్. 2019లో మొత్తం షాట్లలో 51.5 శాతం, త్రీలలో 43 శాతం, ఫ్రీ త్రోలలో 97.4 శాతం. ఈ మూడింటిలో 50, 40, 90 శాతం దాటడం ఈ లీగ్‌లో అదే మొదటిసారి. 2025లో కొలియర్ రెండోది అయింది.

ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో నంబర్ వన్ ఎవరు?

ఏజా విల్సన్. ఈ ప్రశ్నకు తడుముకోనక్కర్లేదు. 2020, 2022, 2024, 2025లలో ఎంవీపీ. నాలుగుసార్లు గెలిచింది లీగ్ చరిత్రలో ఆమె ఒక్కతే. 2022, 2023, 2025లలో ఏసెస్‌కు టైటిళ్లు. 2025 ఆగస్టులో కనెక్టికట్ మీద 32 పాయింట్లు, 20 రీబౌండ్లు సాధించింది. 30 పాయింట్లు, 20 రీబౌండ్లు ఒకే మ్యాచ్‌లో అంతకుముందు ఎవరూ చేయలేదు.

ఆమె ఆటలో చూడాల్సింది ఫ్రీ త్రో గీతకు అటూ ఇటూగా వేసే మధ్యదూరపు షాట్. బంతి అందుకుని డిఫెండర్‌కు ఎదురుగా తిరుగుతుంది, ఒక్క అడుగు ముందుకు వేస్తున్నట్టు భుజం కదుపుతుంది. డిఫెండర్ వెనక్కి జరగ్గానే పైకి లేచి వేసేస్తుంది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, బంతిని వదిలేది తల పైనుంచి. అందుకే చెయ్యి అడ్డుపెట్టినా అందదు. 5 వేల పాయింట్లు 2025లోనే దాటేసింది. టౌరాసి రికార్డు వైపు ఎవరు వెళ్తారని అడిగితే నేను మొదట చెప్పే పేరు కూడా ఆమెదే.